పాతరలో మెలకువ

బహుళ పాడ్యమి

ఎప్పుడు పడుకున్నాను, ఎప్పుడు నిద్ర పట్టింది, ఎప్పుడు లేచాను, మధ్యలో ఏం చేశాను. రోజూ ఇవన్నీ రాసిపెట్టి వచ్చే పున్నమికి చూపించమన్నారు డాక్టరమ్మ. ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి రాయగలను.

తూర్పు తెల్లబడుతుండగా తలుపులు వేసి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. పొద్దు గుంకాక లేచి తలుపులు తీశాను. మధ్యలో ఏమీ చేయలేదు.

ఏమీ చేయకూడదు కూడా. నిన్న పున్నమికి వచ్చిన మందుల బండి దగ్గర జనం ఉండడంతో డాక్టరమ్మకు ఈ మాట చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తే చదువుకుంటారు.

మా ఊళ్ళో పాతరలు ఒకప్పుడు ధాన్యం దాచుకోవడానికి తవ్వినవి. ఇప్పుడు పగటి ఎండకు బయట ఏ ప్రాణీ నిలవదు కాబట్టి వాటినే పెద్దవి చేసి మమ్మల్ని మేము దాచుకుంటున్నాం. రాత్రంతా చేలల్లో పని, పగలంతా పాతరలో పడక. మా తూర్పు పాతరలో పిల్లాజెల్లా కలిసి నలభై మంది దాకా ఉంటాం. లోపలి తలుపుకు రెండు వైపుల నుంచీ తీయగల తాళం, మెట్లెక్కాక బయటి తలుపుకు గడియ. తాళంచెవి నా మెడలో ఉంటుంది. మా ఆయన పోయినప్పటి నుంచి తలుపు మనిషిని నేనే.

పడమటి పాతరలో ఒకామె నిద్ర పట్టక, ఊపిరాడడం లేదంటూ మధ్యాహ్నం లేచి రెండు తలుపులూ తీసింది. తీసి అక్కడే పడిపోయింది. తలుపులు అట్లాగే ఉండిపోయాయి. సాయంత్రం మేము వెళ్ళేసరికి ఆ పాతరలో పిలిస్తే పలికేవాళ్ళు లేరు. అప్పటి నుంచి అన్ని పాతరల్లోనూ ఒక కట్టుబాటు ఉంది. పడుకున్నవాళ్ళు పొద్దు గుంకేదాకా లేవకూడదు, మాట్లాడకూడదు. మెలకువగా ఉన్నట్టు ఎవరైనా బయటపడితే వాళ్ళ కాలికి తలుగు వేసి, తమంతట తాము విప్పుకోలేని ముడితో గుంజకు కట్టాలి. దూడలను కట్టే తలుగే. కట్టవలసింది తలుపు మనిషి.

అందుకే నిన్న నేను డాక్టరమ్మతో బండి వెనక గొంతు తగ్గించి మాట్లాడాను.

"ఎప్పటి నుంచి పట్టడం లేదు?" అన్నారు.

"కొత్త గాలి మిషను పెట్టినప్పటి నుంచమ్మా. మాత్రలు ఉంటే ఇయ్యండి."

"తలుపు చూసే మనిషికి మాత్రలివ్వను. మత్తులో ఉండి తలుపు వేయడం మర్చిపోతే?" అన్నారు. తర్వాత చెప్పారు. "నిద్రను పట్టుకోవాలని చూస్తే దొరకదు మారెక్కా. పట్టిందా, పట్టలేదా అని చూసుకుంటూ ఉంటే మెలకువే ముదురుతుంది. పడక చూస్తేనే నీకు భయం పుడుతోంది. పట్టనప్పుడు పడుకొని ఉండొద్దు. లేచి ఇంకో చోట కూర్చో. కళ్ళు మూతలు పడుతుంటేనే మళ్ళీ పడక మీదికి పో. తెల్లవారుజామున టీ మానెయ్. రాత్రి పనిలో కునుకు తియ్యొద్దు."

"సరే అమ్మా," అన్నాను. టీ మానేస్తాను. లేచి కూర్చోవడం ఎట్లాగో తెలియదు.

బహుళ తదియ

నిద్ర లేదు. టీ తాగలేదు. తల పగిలిపోయింది.

ఈ రోజు సుంకన్నను కట్టాను. సుంకన్న నా మరిది. పాత గాలి మిషను చూసుకునేవాడు. నూనె పోయడం, బెల్టు బిగించడం, రాత్రిళ్ళు దాన్ని తుడవడం. అది ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పగలంతా డబడబా మోగేది. పాతర గోడకు చెయ్యి ఆనిస్తే చెయ్యి అదిరేది. పిల్లలు ఏడ్చినా, ముసలాళ్ళు దగ్గినా, మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నా ఆ మోతలో కలిసిపోయేవి. కరెంటు ఎక్కువ తింటోందని పైవాళ్ళు దాన్ని విప్పి తీసుకుపోయారు. కొత్తదానికి చప్పుడే లేదు. పెట్టిన రోజు అందరం సంతోషపడ్డాం.

ఇప్పుడు పాతరలో పక్కవాళ్ళు మింగిన గుటక కూడా వినిపిస్తుంది.

పెద్ద హనుమంతప్ప మా పాతర పెద్ద. నిన్న సాయంత్రం తలుపు తీసేటప్పుడు అందరి ముందూ అన్నాడు. "సుంకన్న పగలంతా పొర్లాడుతున్నాడు. నేను ఇన్యా."

సుంకన్న కాదనలేదు. తెల్లవారుజామున తనే వచ్చి గుంజ దగ్గర కూర్చొని కాలు చాపాడు. నేను తలుగు వేస్తుంటే నవ్వాడు.

"వదినా, దూడని కట్టినట్ల కడ్తాండావు సరే. ఇంత గడ్డన్నా ఎయ్యి."

"గమ్మున పండుకో," అన్నాను.

అతని భార్య గంగరత్న పడక మీద అటు తిరిగి పడుకొని ఉంది.

బహుళ పంచమి

కాస్త పట్టినట్టుంది, లేదేమో కూడా. కల ఒకటి గుర్తుంది, కానీ అది కలో కాదో తెలియదు.

తెల్లవారుజామున తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి భుజం తట్టి లోపలికి పంపుతాను. ఈ రోజు జరిగింది మాత్రం కల కాదు. అందరూ వచ్చారనుకొని బయటి తలుపు గడియ వేశాను. మెట్లు దిగాను. లోపలి తలుపు మూయబోతుంటే పైన దబదబా బాదారు.

తీస్తే తిప్పేస్వామి. మా అన్న కొడుకు. ఎడ్లకు కుడితి పోసి వచ్చేసరికి ఆలస్యమైంది. అప్పటికే కొండ మీద అంచు ఎర్రబడింది.

"అత్తా, నన్ను లోపలికి రమ్మంటావా, ఈడనే వడియం మాదిరి ఎండమంటావా?" అన్నాడు.

వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను. లోపలి తాళం వేయబోతే తాళంచెవి రంధ్రంలోకి పోలేదు. తిప్పేస్వామే నా చెయ్యి పట్టుకొని తిప్పించాడు. వాడు నా ముఖం చూశాడు.

లోపలి తలుపు కూడా మూసి ఉంటే వాడు బాదింది వినిపించేది కాదు.

బహుళ సప్తమి

పగలు నిద్ర లేదు. రాత్రి పనిలో నిద్ర పట్టింది. డాక్టరమ్మ పనిలో కునుకు తీయొద్దన్నారు కాబట్టి తప్పే, అయినా రాస్తున్నాను.

కళ్ళం దగ్గర దీపం పెట్టుకొని గంగరత్న తిరగలిలో రాగులు విసురుతోంది. తెల్లవారితే ఆ తిరగలిని పాతరలోకి దించి మూలన పెడతాం. నేను పక్కన కూర్చొని చెరుగుతున్నాను. రాయి తిరుగుతుంటే గరగరమని ఒకే చప్పుడు. చేట నా చేతుల్లోనే ఉంది. ఎప్పుడు పట్టిందో తెలియదు. గంగరత్న మోచేత్తో పొడిచింది.

"ఏమక్కా, నిలబెట్టిన మొద్దు మాదిరి నిద్రపోతాండావు?"

"అలిసిపోయినా."

"పగలు బాగ పడతాదా నీకు?"

"పడతాది. నీకు?"

"నాకేమి, రాయి మాదిరి పడ్తే సాయంత్రమే," అంది. దీపం వెలుగులో ఆమె కళ్ళు చూశాను. అంచులు ఎర్రగా, లోపలికి పోయి ఉన్నాయి. ఆమె కూడా నా కళ్ళు చూసింది. ఇద్దరం రాగుల వైపు చూశాం.

బహుళ దశమి

ఈ రోజు డాక్టరమ్మ చెప్పిన పని చేశాను. లేచాను.

తలుపు మనిషికి తలుపు కిర్రుమంటే లేచి చూసే హక్కుంది. ఎవరైనా అడిగితే తలుపు చూడడానికి లేచానని చెప్పవచ్చనుకున్నాను. మిట్టమధ్యాహ్నం అయి ఉంటుంది. బయటి తలుపు రేకు ఎండకు టిక్కుటిక్కుమని సాగుతోంది. పాతరంతా చీకటి. ఊపిరి తీసే చప్పుళ్ళు మాత్రం ఉన్నాయి. అందరూ నిండుగా, నెమ్మదిగా తీస్తున్నారు. నిద్రపోయేవాళ్ళు తీసినట్టే.

వింటూ ఉంటే నాకు ఒకటి అనిపించింది. నిద్రపోయేవాళ్ళు ఇంత బాగా ఊపిరి తీయరు. ఒకడు గురక పెడతాడు, ఒకడు పళ్ళు కొరుకుతాడు, ఒకరు మాటలాడతారు. పాత మిషను ఆగిపోయిన రోజుల్లో నేను విన్నాను.

చిన్న దీపం వెలిగించాను.

వెలుగు గోడ మీదికి పాకింది. అది తగిలిన కొద్దీ, ఈ మూల నుంచి ఆ మూల దాకా తెరిచి ఉన్న కళ్ళు వరసగా మూసుకుపోవడం చూశాను. అట్లాంటిది ఇంకోసారి చూడాలని లేదు. పిల్లలు మాత్రం నోళ్ళు తెరుచుకొని నిజంగా నిద్రపోతున్నారు. పెద్దవాళ్ళ రెప్పలు అదురుతున్నాయి. హనుమంతప్ప రెప్పలు కూడా.

గుంజ దగ్గర సుంకన్న ఒక్కడే కళ్ళు మూసుకోలేదు. అతనికి దాచేది ఏమీ లేదు. నా వైపు చూసి, వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

దీపం ఆర్పి పడుకున్నాను.

అమావాస్య

నిద్ర లేదు.

సాయంత్రం హనుమంతప్పను పక్కకు పిలిచి అడిగాను. "పెద్దాయనా, నిద్ర పట్టనోళ్ళు లేసి ఒక పక్క కూసునేట్ల మార్చుకుంటే ఏమి? డాక్టరమ్మ అట్లనే చెప్పింది."

"ఎవురికి చెప్పింది?"

"ఉత్తగా చెప్పింది."

"ఆయమ్మ గోడలకి కూడా చల్లనీళ్ళు పారే ఇంట్లో పండుకుంటాది మారెక్కా. పడమటి పాతర నుంచి పీనుగల్ని మోసింది నువ్వూ నేనూ. ఒకరు లేస్తే ఇంకొకరు లేస్తారు. అందరూ లేసి తలుపు దిక్కు చూస్తారు. నీ మెడలో తాళంచెవి ఎన్ని దినాలు నిలుస్తాది?"

ఆయన మాటలో తప్పు లేదు. ఆయన కళ్ళ కింద నల్లగా సంచులు వేలాడుతున్నాయి.

"నీకు బాగ పడతాండాదా?" అని ఆయనే అడిగాడు.

"పడతాండాది."

"మంచిది," అన్నాడు.

శుద్ధ తదియ

సుంకన్న చీలమండ పుండైంది. పసుపు పెట్టి కట్టు మార్చాను. అతను ఇప్పుడు నవ్వడం లేదు. తెల్లవారుజామున కాలు కడుతుంటే నెమ్మదిగా అడిగాడు.

"వదినా, మా అన్న ఉన్నప్పుడు నేను ఎట్ల పండుకుంటాంటి?"

"కాళ్ళూ చేతులూ ఇసిరేసుకోని."

"ఇప్పుడు కన్ను మూస్తే తలుగే కనపడ్తాది. నిద్ర పట్టలేదని కట్టినారు. కట్టినందుకు ఇంగ పట్టదు. ఇది యాడికి పోయి తెగుతాది?"

తలుపులు వేశాక పడుకోలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు కూర్చున్నాను. గుంజ దగ్గరే కూర్చున్నాను. చాలాసేపటికి తలుగు విప్పాను. అతని చెవి దగ్గర చెప్పాను. "పోయి గంగరత్న పక్కన పండుకో. సాయంత్రం తలుపు తీయకముందు మళ్ళీ వచ్చి కూసో."

"నువ్వు పండుకోవా?"

"నాకూ పట్టదు సుంకన్నా."

ఈ మాట ఈ పాతరలో నేను మొదటిసారి పైకి అన్నాను. అతను నన్ను నా పడక దగ్గరికి నడిపించాడు. తర్వాత నా పడక పక్కన చతికిలబడి, నోరు మూసుకొని గొంతులో పాత మిషను మోత మోగించాడు. డబడబడబ. బెల్టు జారినప్పుడు ఒకసారి తడబడి మళ్ళీ అందుకునే చోటు కూడా సరిగ్గా వచ్చింది. నాకు నవ్వొచ్చింది. పడుకున్నాను.

నిద్ర పట్టింది.

అదే రోజు, పొద్దు గుంకాక

ఎప్పుడు లేచానో రాయాలి. గంగరత్న లేపితే లేచాను. అంత నిద్ర కొత్త మిషను వచ్చాక పోలేదు. ఒళ్ళు తేలిగ్గా ఉంది. మెడ కూడా తేలిగ్గా ఉంది. తడిమి చూసుకుంటే తాళంచెవి లేదు.

లోపలి తలుపు మూసే ఉంది. అవతలి వైపు నుంచి తాళం వేసి ఉంది. తాళంచెవి తలుపు కింది సందులోంచి లోపలికి తోసి ఉంది. మా మీదికి వేడి రాకుండా సుంకన్న తలుపు మూసి, తాళం వేసి, మేము తీసుకోవడానికి తాళంచెవి లోపలికి పంపి, తర్వాతే మెట్లెక్కాడు. బయటి తలుపు కూడా దగ్గరగా లాగి ఉంది.

బయట పాత మిషను ఉండే సిమెంటు దిమ్మె మీద పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకొని, చెయ్యి తల కింద పెట్టుకొని పడుకొని ఉన్నాడు. ఊపిరి లేదు. తిప్పేస్వామీ నేనూ తడి గోనెలు కప్పి దించాం.

దించాక హనుమంతప్ప అందరినీ కూర్చోబెట్టాడు.

"తలుగు ఎవురిప్పినారు?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఎవరో అన్నారు. "మారెక్కే ఇప్పింది."

"అవును. పోయి గంగరత్న పక్కన పండుకో అని చెప్పింది," అన్నాడు హనుమంతప్ప.

"పెద్దాయనా," అన్నాను, "ఆ మాట నేను వాని చెవిలో చెప్పినా. నువ్వు నిద్రపోతాంటివి గదా. నీకెట్ల ఇనపడె?"

ఎవరూ కదల్లేదు. వెనక నుంచి మాట్లాడిన మనిషి ఎవరో కూడా మళ్ళీ తెలియలేదు.

గంగరత్న ఏడవడం లేదు. కింద మట్టి గీకుతూ చెప్పింది. "నన్ను దాటుకోని పోయినాడక్కా. కాలు నా చీరకి తగిలింది. నీ మెడలో నుంచి తీస్తాంటే తాళంచెవి గలగలమంది. తలుపు తీసింది ఇన్యా. మళ్ళీ ఏసింది ఇన్యా. కిందినుంచి తోసింది ఇన్యా."

"ఒక్క మాట పిలిచింటే?"

"పిలిస్తే నేను మేలుకోని ఉన్నట్ల గదా," అంది.

ఆమె ఒక్కతే కాదు. పెద్దవాళ్ళందరూ విన్నారు. ఊపిరి నిండుగా, నెమ్మదిగా తీసుకుంటూ విన్నారు. ఆ మధ్యాహ్నం పాతరలో నిజంగా నిద్రపోయింది పిల్లలూ, తిప్పేస్వామీ, నేనూ.

"నాకు నిద్ర పట్టదు. మీకూ పట్టదు. ఇప్పుడన్నా చెప్పండి," అన్నాను.

ఒక్కరూ చెప్పలేదు. హనుమంతప్ప లేచి గుంజ దగ్గరికి పోయి తలుగు తెచ్చాడు.

"నీ నోటితోనే చెప్పినావు మారెక్కా. నేనేం చేసేది?"

తాళంచెవి తిప్పేస్వామికి ఇచ్చారు. వాడు వయసులో ఉన్నవాడు, బాగా నిద్రపోతాడని.

శుద్ధ పంచమి

నిద్ర లేదు. పొద్దు గుంకాక తలుగు విప్పుతారు, తెల్లవారుజామున కడతారు. రాత్రి పని మామూలే. మధ్యాహ్నం చీకట్లోనే రాస్తున్నాను, గీతలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయేమో.

సుంకన్న నాకోసమే ఆ మోత మోగించాడా, తాళంచెవి కోసమా అని ఆలోచిస్తున్నాను. రెండూ కావచ్చు. గంగరత్న రాత్రి కళ్ళం దగ్గర ఒక మాట చెప్పింది. ఆ మోతకు తన కన్ను కూడా మూతపడబోయిందట. ఇంకొంచెంసేపు మోగించి ఉంటే తను కూడా నిద్రపోయేదట. తిరగలి తిప్పుతూ చెప్పింది. చెబుతుంటే ఆమె మాట మందగించి, తల వాలి, పిడి పట్టుకొనే నిద్రపోయింది. రాయి ఆగగానే ఉలిక్కిపడి లేచింది.

శుద్ధ నవమి

మధ్యాహ్నం చీకట్లో ఎవరో నా దగ్గరికి పాక్కుంటూ వచ్చారు. తాళంచెవి నేలకు తగిలి చిన్నగా చప్పుడైంది. తిప్పేస్వామి.

వాడి చెమట వాసన వస్తోంది. తర్వాత అడిగాడు.

"అత్తా, నిద్ర ఎట్ల పడతాది?"

"ఎన్నాళ్ళాయ?"

"మామని దిమ్మె మీద నుంచి దించినప్పటి నుంచి. కన్ను మూస్తే తలుపు కనపడ్తాది. ఊరికే పోయి ముట్టుకోని వస్తాండా. పొద్దున్నుంచి ముట్టుకోని వస్తానే ఉండా. మెట్లెక్కి బయటి గడియ కాడికి కూడా పోయొచ్చినా."

నా కాలు గుంజకు కట్టి ఉంది. వాడి మెడలో తాళంచెవి ఉంది. పాతరలో అందరూ మేలుకొని వింటున్నారు. వాడు లేచి తలుపు తీసినా ఒక్కరూ పలకరు. అది ఈ పాటికి తేలిపోయింది.

"కూసో," అన్నాను. "పండుకోవద్దు. తలుపు కాడికి పోవద్దు. ఆ మూల తిరగలి ఉందే, దాని కాడ కూసోని తిప్పు."

"ఇప్పుడా? చప్పుడైతాది అత్తా. అందరూ లేస్తారు."

"ఎవురు నిద్రపోతాండారని?"

చీకట్లో తల తిప్పి పాతర వైపు చూసినట్టున్నాడు. అన్ని పడకల నుంచీ నిండుగా, నెమ్మదిగా ఊపిర్లు వస్తున్నాయి.

"నన్ను కడ్తారు," అన్నాడు.

"కట్టాలంటే ఎవురో ఒకరు మేలుకున్నానని ఒప్పుకోవాల గదా."

పాక్కుంటూ పోయాడు. పిడి వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది. రాయి ఒక్క చుట్టు తిరిగింది.

పాతరలో ఊపిర్లన్నీ ఒకేసారి ఆగిపోయాయి. తిప్పేస్వామి చెయ్యి ఆగింది. హనుమంతప్ప పడక దగ్గర బొంత కదిలింది. ఎవరో లేచి కూర్చుంటున్నారు. ఎవరో తెలియదు. మోకాళ్ళు టక్కుమన్నాయి. గుంజ వైపు వస్తారో, తిరగలి వైపు వస్తారో, తలుపు వైపు పోతారో తెలియదు.

"ఆపొద్దురా," అన్నాను.

రాయి మళ్ళీ తిరిగింది.